క్రాన్‌లో పెడితే డేటాబేస్ ఖాళీ అంటోంది. డేటా ఫైళ్లు, సెట్టింగ్స్ అసలు ఎక్కడ పెట్టాలి?

#1 పిల్లకాలువ

అందరికీ నమస్కారం. చదువుతుంటే తగిలే కొత్త మాటల్ని అర్థాలతో సహా దాచుకోడానికి పైథాన్‌లో ఒక కమాండ్ లైన్ టూల్ రాసుకున్నాను. పేరు మాటమూట. డేటా అంతా ఎస్‌క్యూలైట్‌లో, అంటే ఒకే ఫైల్లో ఇమిడే డేటాబేస్‌లో, ఉంటుంది. ఏడాది నుంచి రోజూ వాడుతున్నాను, ఏ గొడవా రాలేదు.

మొన్న దాన్ని క్రాన్‌లో (చెప్పిన వేళకి కమాండ్లు దానంతటదే నడిపే లినక్స్ సదుపాయం) పెట్టాను, రోజూ పొద్దున్నే ఐదు పాత మాటలు నాకు మెయిల్ రావాలని. మెయిల్ రాలేదు. లాగ్ చూస్తే 'నో సచ్ టేబుల్: వర్డ్స్' అని ఉంది. టెర్మినల్లో అదే కమాండ్ కొడితే చక్కగా నడుస్తోంది. అదే మెషీన్, అదే యూజర్, అదే పైథాన్. డేటాబేస్ ఎక్కడికీ పోలేదు. తెరిచి చూశాను, 1,400 పైచిలుకు మాటలు ఉన్నాయి.

కోడ్‌లో కనెక్ట్ అయ్యే చోట ఉత్త ఫైల్ పేరే ఇచ్చాను, వర్డ్స్ డాట్ డీబీ అని. సెట్టింగ్స్ కూడా అంతే, కాన్ఫిగ్ డాట్ జేసన్. అది దొరక్కపోతే డిఫాల్ట్‌లు తీసుకుంటుంది. రెండూ స్క్రిప్ట్ పక్కనే ఉన్నాయి. రెండు రోజులుగా తల పట్టుకుని కూర్చున్నాను.

#2 నల్లరేగడి

మీ హోమ్ ఫోల్డర్‌లో ఇంకో వర్డ్స్ డాట్ డీబీ ఉందేమో చూడండి. ఉంటే సైజు ఎంతో చెప్పండి.

#3 పిల్లకాలువ

ఉందండీ! సున్నా బైట్లు. అది నేను పెట్టింది కాదు. ఎలా వచ్చింది?

#4 నల్లరేగడి

మీ ప్రోగ్రామే పెట్టింది.

ఉత్త పేరిస్తే పైథాన్ ఆ ఫైల్ని స్క్రిప్ట్ ఉన్న చోట వెతకదు. ప్రోగ్రామ్ ఏ ఫోల్డర్‌లోంచి నడుస్తోందో, అంటే కరెంట్ వర్కింగ్ డైరెక్టరీ ఏదో, అక్కడ వెతుకుతుంది. మీరు ఇన్నాళ్లూ ప్రాజెక్ట్ ఫోల్డర్‌లోకి వెళ్లి నడిపారు కాబట్టి రెండూ ఒకటే అయి కూర్చున్నాయి. క్రాన్ మాత్రం మీ హోమ్ ఫోల్డర్‌లోంచి నడుపుతుంది. రేపు దీన్నే లినక్స్‌లో వెనక నడిచే సిస్టమ్‌డీ సిస్టమ్ సర్వీస్‌గా మారిస్తే, వర్కింగ్ డైరెక్టరీ మీరు చెప్పకపోతే అది రూట్ ఫోల్డర్‌లోంచి మొదలవుతుంది. విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లో 'స్టార్ట్ ఇన్' గడి ఖాళీగా వదిలేస్తే సిస్టమ్32 ఫోల్డర్‌లోంచి.

ఇక ఆ సున్నా బైట్ల సంగతి. ఎస్‌క్యూలైట్‌కి లేని ఫైల్ పేరిచ్చి కనెక్ట్ అంటే అది ఎర్రర్ ఇవ్వదు, ఆ పేరుతో కొత్తది పుట్టిస్తుంది. అందుకే మీకు 'ఫైల్ లేదు' అని కాకుండా 'టేబుల్ లేదు' అని వచ్చింది, మీ రెండు రోజులూ అక్కడే పోయాయి. మందు ఉంది. పాత్‌ని యూఆర్ఐ రూపంలో, అంటే 'ఫైల్:'తో మొదలయ్యే చిరునామాగా ఇచ్చి, చివర్లో మోడ్ విలువ ఆర్‌డబ్ల్యూ (చదువు, రాయి, కొత్తది మాత్రం పుట్టించకు) అని పెట్టి, కనెక్ట్‌కి యూఆర్ఐ ట్రూ అని చెప్పండి. అప్పుడు ఫైల్ లేకపోతే అక్కడికక్కడే 'అనేబుల్ టు ఓపెన్ డేటాబేస్ ఫైల్' అంటుంది. కొత్త డేటాబేస్ పుట్టించే పని ఇనిట్ అనే ఒక్క కమాండ్‌కే వదిలేయండి.

ఇంకోటి గమనించండి. సెట్టింగ్స్ ఫైల్ కూడా క్రాన్‌కి దొరకలేదు, డిఫాల్ట్‌లు తీసుకుని చప్పుడు లేకుండా ముందుకెళ్లింది. టేబుల్ ఎర్రర్ రాకపోయినా మీ మెయిల్ వెళ్లేది కాదు.

#5 అరుగుమీద

తేలిక దారి ఒకటుంది. క్రాన్ లైన్‌లోనే ముందు సీడీ కొట్టి ప్రాజెక్ట్ ఫోల్డర్‌లోకి వెళ్లి తర్వాత టూల్ నడపండి. లేదా ప్రోగ్రామ్ మొదట్లోనే వర్కింగ్ డైరెక్టరీని మార్చే ఓఎస్ డాట్ సీహెచ్‌డిర్ ఒక్క లైన్ పెట్టండి. ఐదు నిమిషాల పని.

#6 జొన్నచేను

అన్నా, క్రాన్ లైన్ల సీడీ పెడితే పర్వాలేదు గానీ ప్రోగ్రామ్ లోపల సీహెచ్‌డిర్ వద్దు. నేను అదే చేసిన. నా టూల్‌కి యూజర్ ఒక ఫైల్ పేరు ఇచ్చి ఇంపోర్ట్ చెయ్యమంటడు. ఆయన డౌన్‌లోడ్స్ ఫోల్డర్ల నిలబడి లిస్ట్ డాట్ టీఎక్స్‌టీ అని కొట్టిండు. నా ప్రోగ్రామ్ లేవంగనే వేరే ఫోల్డర్‌కి దూకింది, ఆ ఫైల్ అక్కడ లేదన్నది. ఆయన కండ్ల ముంగటనే ఉన్న ఫైల్ లేదంటే ఆయనకి ఎట్ల ఉంటది? యూజర్ కమాండ్ లైన్ల ఇచ్చిన పేర్లకి వర్కింగ్ డైరెక్టరీనే సరైన లెక్క. ప్రోగ్రామ్ సొంత ఫైళ్లకి మాత్రం అది లెక్క కాదు. రెంటినీ కలపొద్దు.

#7 అరుగుమీద

సరే, ఒప్పుకుంటున్నాను. అయితే డండర్ ఫైల్, అంటే నడుస్తున్న పైథాన్ ఫైల్ పాత్‌ని చెప్పే వేరియబుల్, వాడితే సరిపోతుంది కదా? పాత్‌లిబ్‌తో పాత్ చేసి, రిజాల్వ్ కొట్టి, పేరెంట్ తీసుకుంటే స్క్రిప్ట్ ఉన్న ఫోల్డర్ వస్తుంది. దానికి వర్డ్స్ డాట్ డీబీ తగిలిస్తే ఎక్కణ్ణుంచి నడిపినా ఒకే చోటికి పోతుంది. పైథాన్ 3.9 నుంచి మెయిన్ స్క్రిప్ట్‌కి కూడా అది అబ్సల్యూట్ పాత్‌గానే వస్తోంది. నేను ప్రతి ప్రాజెక్ట్‌లో ఇదే వాడతాను.

#8 తూనీగ

ఇక్కడ నాకు గట్టి అభ్యంతరం ఉంది. కారణం కూడా చెబుతాను.

నాలుగేళ్ల కిందట నేను పనిచేసే చోట వివరాలు నమోదు చేసుకునే చిన్న ప్రోగ్రామ్ రాసి, పైఇన్‌స్టాలర్‌తో ఒకే ఎగ్జిక్యూటబుల్ ఫైల్‌గా కట్టి ఇచ్చాను. డేటా ఫైల్ పాత్ మీరు చెప్పిన పద్ధతిలోనే, డండర్ ఫైల్ పక్కన. నా దగ్గర సోర్స్ నుంచి నడిపి చూసుకున్నాను, అంతా బాగుంది. ఒకావిడ పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చుని రెండు వందలకి పైగా ఎంట్రీలు కొట్టారు. సాయంత్రం విండో మూసి వెళ్లిపోయారు. మర్నాడు తెరిస్తే ఒక్కటీ లేదు.

జరిగింది ఇది. ఒకే ఫైల్‌గా కట్టినప్పుడు ఆ ఎగ్జిక్యూటబుల్ తెరిచిన ప్రతిసారీ తనలోని సరుకంతా టెంప్ ఫోల్డర్‌లో, ఎంఈఐ అని మొదలయ్యే కొత్త ఫోల్డర్‌లోకి విప్పుకుంటుంది. డండర్ ఫైల్ చూపించేది దాన్నే. ప్రోగ్రామ్ మూయగానే ఆ ఫోల్డర్‌ని చెరిపేస్తుంది. ఆవిడ రోజంతా రాసింది చెరిగిపోయే ఫోల్డర్‌లో. తిరిగి తేవడానికి మార్గం లేదు. ఆ మాట ఆవిడకి నేనే వెళ్లి చెప్పాల్సి వచ్చింది.

పిప్‌తో ఇన్‌స్టాల్ చేసినా కథ దగ్గరదగ్గర ఇంతే. డండర్ ఫైల్ సైట్ ప్యాకేజెస్‌ని, అంటే పైథాన్ లైబ్రరీలు ఇన్‌స్టాల్ అయ్యే ఫోల్డర్‌ని, చూపిస్తుంది. సిస్టమ్ పైథాన్ అయితే మామూలు యూజర్‌కి అక్కడ రాసే హక్కే ఉండదు. ప్రాజెక్ట్‌కి విడిగా కట్టుకునే వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ అయితే రాయనిస్తుంది, కానీ ఏదో రోజు మీరే దాన్ని తీసేసి కొత్తది కట్టుకుంటారు, దాంతోపాటు డేటా పోతుంది. కంటైనర్‌లో అయితే ఇమేజ్ మార్చిన రోజే.

అందుకే నేనిప్పుడు ఫైల్ ఎక్కడ పెట్టాలని ఆలోచించే ముందు, దాన్ని ఎవరు రాస్తారని అడుగుతాను. నేను రాసి ప్యాకేజీతో పంపేవి, అంటే టేబుళ్లు పుట్టించే ఎస్‌క్యూఎల్, టెంప్లేట్‌లు, కోడ్ పక్కనే ఉండాలి. అవి చదవడానికే, వాటిమీద ఎవరూ రాయకూడదు. యూజర్ తన చేత్తో దిద్దుకునేవి సెట్టింగ్స్. ప్రోగ్రామ్ నడుస్తూ యూజర్ కోసం కూడబెట్టేది డేటా. పోయినా మళ్లీ తెచ్చుకోగలిగేది క్యాష్. డండర్ ఫైల్ పనికొచ్చేది మొదటిదానికి ఒక్కదానికే. అక్కడ కూడా ఇంతకంటే మంచి దారి ఉంది.

#9 పిల్లకాలువ

తూనీగ గారూ, చదువుతుంటే ఒళ్లు జలదరించింది. నా డేటాబేస్ ఇప్పటికీ ప్రాజెక్ట్ ఫోల్డర్‌లోనే ఉంది. ముందు దాని కాపీ తీసి ఇది రాస్తున్నాను.

మరి నిర్దిష్టంగా ఏ ఫోల్డర్? నాది లినక్స్, తమ్ముడిది విండోస్, వాడూ ఈ టూల్ కావాలంటున్నాడు.

#10 నల్లరేగడి

లినక్స్‌లో ఎక్స్‌డీజీ బేస్ డైరెక్టరీ అని ఒక ఒప్పందం ఉంది. సెట్టింగ్స్ హోమ్‌లోని డాట్ కాన్ఫిగ్‌లో, డేటా డాట్ లోకల్ కింద షేర్‌లో, క్యాష్ డాట్ క్యాష్‌లో. ప్రోగ్రామ్ తన కోసం గుర్తుపెట్టుకునేవి, అంటే చివరిసారి ఎక్కడ ఆగింది, హిస్టరీ, ఇలాంటివి డాట్ లోకల్ కింద స్టేట్‌లో. ఈ చివరిది 2021లో చేరింది. ఎక్స్‌డీజీ డేటా హోమ్ లాంటి ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌తో యూజర్ వీటిని మార్చుకోవచ్చు. మ్యాక్‌లో అయితే లైబ్రరీ కింద అప్లికేషన్ సపోర్ట్. విండోస్‌లో యాప్‌డేటా కింద రోమింగ్, లోకల్ అని రెండు. డేటాబేస్ లాంటి బరువైనవి లోకల్‌లో పెట్టండి.

ఇవన్నీ మీరు ఇఫ్ ఎల్స్‌లతో రాసుకోనక్కర్లేదు. ప్లాట్‌ఫామ్‌డిర్స్ అనే లైబ్రరీ ఉంది. యూజర్ డేటా డిర్, యూజర్ కాన్ఫిగ్ డిర్, యూజర్ క్యాష్ డిర్ అని అడిగితే ఆ సిస్టమ్‌కి తగ్గ పాత్ ఇస్తుంది. పాత పోస్టుల్లో యాప్‌డిర్స్ అని కనిపిస్తుంది, దాన్ని ఆపేశారు, దాని వారసత్వమే ఇది. ఒక మెలిక చూసుకోండి. విండోస్‌లో ఆథర్ పేరు ఇవ్వకపోతే యాప్ పేరునే రెండుసార్లు వాడి మాటమూటలో మాటమూట అని ఫోల్డర్ కడుతుంది. వద్దనుకుంటే యాప్ ఆథర్‌కి ఫాల్స్ ఇవ్వండి. తర్వాత మార్చారంటే పాత డేటా ఒక చోట, కొత్తది ఒక చోట అవుతుంది, కాబట్టి మొదటి రోజే తేల్చుకోండి.

#11 జొన్నచేను

లైబ్రరీ వద్దు, నేనే పాత్ రాసుకుంట అనేటోళ్లకి ఒక మాట. హోమ్ ఫోల్డర్ అని చెప్పే టిల్డా (~) గుర్తుని విడమర్చేది షెల్ (టెర్మినల్ల కమాండ్లు నడిపేది), పైథాన్ ఓపెన్ కాదు. సెట్టింగ్స్ ఫైల్ల టిల్డా, స్లాష్, డేటా అని రాసి ఉండె. నేను దాన్ని తీసుకుని, పేరెంట్స్ ట్రూ అని పెట్టి, సీదా ఎంకేడిర్‌కి ఇచ్చిన. ఎర్రర్ ఏం రాలే. కొన్ని దినాలైనంక ప్రాజెక్ట్ ఫోల్డర్ల ఎల్ఎస్ కొడితే మధ్యల ఒక ఫోల్డర్, పేరు ఒక్కటే అక్షరం: టిల్డా. అవసరం లేదని తీసేద్దామని ఆర్ఎమ్, ఆర్ ఆప్షన్, టిల్డా దాకా టైప్ చేసిన. ఎంటర్ మీద వేలు పెట్టంగ ఆగిన. షెల్‌కి టిల్డా అంటే నా హోమ్ ఫోల్డర్ మొత్తం. ముందట డాట్ స్లాష్ పెట్టి తీసేసిన, చేతులు వణికినయ్. పాత్‌లిబ్‌ల ఎక్స్‌పాండ్‌యూజర్ ఉంది. యూజర్ రాసిన పాత్ ఏదైనా ముందు దాంట్లకెళ్లి పోనియ్యండి.

#12 మూడోపేజీ

అందరూ ఒక వైపే మాట్లాడుతున్నారు కాబట్టి రెండోది నేను చెబుతాను. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఎక్కడైనా నడుపుకునే టూల్స్ ఉంటాయి. నా లాంటివాడికి డేటా పక్కనే ఉండాలి, నాలుగు ఫోల్డర్లలో చెల్లాచెదురుగా కాదు. బ్యాకప్ అంటే ఒక ఫోల్డర్ కాపీ చేస్తే అయిపోవాలి. దాగిన ఫోల్డర్లలో డేటా ఎక్కడుందో మామూలు యూజర్‌కి తెలియనే తెలియదు.

#13 తూనీగ

ఆ మాటలో న్యాయం ఉంది. దానికి డిఫాల్ట్ మార్చనక్కర్లేదు, డేటా డిర్ అని ఒక ఆప్షన్ ఇస్తే చాలు. పెన్‌డ్రైవ్ వాళ్లు దాన్ని వాడుకుంటారు. దాగి ఉంటుందన్నది మాత్రం నిజంగా ఇబ్బందే. అందుకని నా టూల్స్ అన్నిటికీ 'పాత్స్' అని ఒక కమాండ్ పెడతాను. కొడితే సెట్టింగ్స్, డేటా, లాగ్ ఎక్కడున్నాయో అబ్సల్యూట్ పాత్‌లతో చూపించి, ప్రతిదాని పక్కనా ఆ ఫైల్ ఉందో లేదో కూడా చెబుతుంది. ఎవరైనా సాయం అడిగితే ముందు అది కొట్టి పంపమంటాను. సగం ప్రశ్నలు అక్కడే తీరతాయి. విండోస్ స్టోర్ నుంచి వచ్చిన పైథాన్ యాప్‌డేటాలో రాసేవాటిని తన సొంత ఫోల్డర్‌కి మళ్లిస్తుంది. అక్కడొక్కచోట మాత్రం ఈ కమాండ్ చూపించేదీ ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో కనిపించేదీ వేరుగా ఉంటాయి.

ప్యాకేజీతో పంపే ఫైళ్ల గురించి ఇందాక సగంలో ఆపాను. వాటికి ఇంపోర్ట్‌లిబ్ రిసోర్సెస్ వాడండి. 3.9లో వచ్చిన ఫైల్స్ ఫంక్షన్‌కి ప్యాకేజీ పేరిచ్చి, పాత్‌లిబ్‌లోలాగే స్లాష్‌తో లోపలికి వెళ్లి, రీడ్ టెక్స్ట్ అనండి. ప్యాకేజీ జిప్‌లో ఉన్నా పనిచేస్తుంది. డిస్క్ మీద నిజమైన ఫైలే కావాలనే లైబ్రరీ ఉంటే యాజ్ ఫైల్‌ని విత్ బ్లాక్‌లో వాడాలి. బ్లాక్ దాటాక ఆ పాత్ చెల్లదు. మీ స్కీమా ఎస్‌క్యూఎల్ దీనికి సరిగ్గా సరిపోతుంది.

తమ్ముడికి పంపేముందు వీల్, అంటే ఇన్‌స్టాల్ చేయడానికి కట్టిన ప్యాకేజీ ఫైల్, తెరిచి చూడండి. వీల్ అంటే జిప్పే, పైథాన్‌లోనే ఉన్న జిప్‌ఫైల్ మాడ్యూల్‌కి ఎల్ ఆప్షన్ ఇస్తే లోపలున్నవన్నీ కనిపిస్తాయి. సెట్‌అప్‌టూల్స్‌కి ప్యాకేజ్ డేటా సరిగ్గా చెప్పకపోతే ఎస్‌క్యూఎల్ ఫైల్ వీల్‌లోకి ఎక్కదు. మీ మెషీన్‌లో సోర్స్ ఫోల్డర్‌నే నేరుగా వాడే ఎడిటబుల్ ఇన్‌స్టాల్ ఉంటుంది కాబట్టి మీకు ఆ లోటు ఎప్పటికీ తెలియదు, వాడికి మొదటి నిమిషంలోనే తెలుస్తుంది.

#14 అరుగుమీద

డండర్ ఫైల్ విషయంలో మనసు మార్చుకున్నాను. ఇక సెట్టింగ్స్ సంగతి. నేను అన్నీ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌లో పెడతాను. అదే మంచిదని సర్వర్ల దగ్గర పనిచేసేవాళ్లంతా అంటారు. దీనికీ అదే చాలదా?

#15 నల్లరేగడి

సర్వర్‌కి మంచిదే. ఒకే ఇమేజ్, చోటుని బట్టి విలువలు మారతాయి, అక్కడ అది అతికినట్టు సరిపోతుంది. మనిషి కూర్చుని వాడే టూల్‌కి ఫైలే సుఖం, ఎందుకంటే అందులో కామెంట్ రాసుకోవచ్చు. జేసన్‌లో కామెంట్‌కి చోటు లేదు, అందుకే నేను టామ్ల్ అనే సెట్టింగ్స్ ఫైల్ రూపం వాడమంటాను. 3.11 నుంచి టామ్ల్‌లిబ్ పైథాన్‌లోనే వస్తోంది. ఫైల్‌ని బైనరీ మోడ్‌లో తెరవాలి, చదవడమే తప్ప రాయడం రాదు. నాకు అది లోటుగా అనిపించదు. మనిషి దిద్దుకునే ఫైల్లో ప్రోగ్రామ్ వేలు పెట్టకూడదు. విండోస్ పాత్‌లు టామ్ల్‌లో సింగిల్ కోట్స్‌లోనే రాయమని చెప్పండి. డబుల్ కోట్స్‌లో సీ డ్రైవ్, బ్యాక్‌స్లాష్, యూజర్స్ అని రాస్తే బ్యాక్‌స్లాష్ యూని యూనికోడ్ ఎస్కేప్ అనుకుని ఫైల్ మొత్తం చదవనంటుంది.

ఐఎన్ఐ తరహా సెట్టింగ్స్ ఫైళ్లు వాడేవాళ్లకి: కాన్ఫిగ్‌పార్సర్‌లో రీడ్‌కి లేని ఫైల్ ఇస్తే నోరెత్తదు. చదవగలిగిన వాటి జాబితా తిరిగిస్తుంది, అది చూసుకోవాల్సింది మీరే. పాస్‌వర్డ్‌లో పర్సెంట్ గుర్తు ఉంటే ఇంటర్‌పొలేషన్ అడ్డం పడుతుంది. ఎన్విరాన్‌మెంట్‌లో ఉచ్చు ఇంకోటి. అక్కడ ప్రతిదీ స్ట్రింగే. డీబగ్ విలువ ఫాల్స్ అని పెట్టి బూల్‌కి ఇస్తే ట్రూ వస్తుంది, ఖాళీ కాని స్ట్రింగ్ కదా.

వరుస మాత్రం అందరూ పాటించేదే పాటించండి. కమాండ్ లైన్ ఆప్షన్‌ది పైచేయి, తర్వాత ఎన్విరాన్‌మెంట్, తర్వాత యూజర్ ఫైల్, ఆఖరికి కోడ్‌లోని డిఫాల్ట్. దేన్నీ మాడ్యూల్ ఇంపోర్ట్ అయ్యేటప్పుడు చదవకండి. మెయిన్‌లో ఒక్కసారి చదివి, ఆ ఆబ్జెక్ట్‌ని కావాల్సిన ఫంక్షన్లకి అందించండి. అప్పుడు టెస్టుల్లో పైటెస్ట్ ఇచ్చే టీఎంపీ పాత్ అనే తాత్కాలిక ఫోల్డర్ ఇస్తే సరిపోతుంది, అసలు డేటా జోలికి పోదు.

#16 జొన్నచేను

మెయిల్ పాస్‌వర్డ్ ఎక్కడ పెట్టినవ్? గదే కాన్ఫిగ్ జేసన్లనా? గిట్‌ల గిట్ల ఎక్కిందేమో ముందు చూడు. ఎక్కితే ఫైల్ తీసేస్తే సరిపోదు, పాత కమిట్లల్ల ఉంటది. పాస్‌వర్డే మార్చాలె. పాస్‌వర్డ్‌లని సిస్టమ్ ఖజానాల దాచే కీరింగ్ లైబ్రరీ మంచిదే గానీ క్రాన్ల డెస్క్‌టాప్ సెషన్ ఉండదు, లినక్స్ల అది తెరుచుకోక సతాయిస్తది. నేనైతే వేరే ఫైల్ల పెట్టి, పర్మిషన్ 600, అంటే నాకొక్కనికే చదువుడు రాసుడు, ఇస్త.

#17 పిల్లకాలువ

గిట్‌లో ఉంది అన్నా. పాస్‌వర్డ్ ఇప్పుడే మార్చాను.

ఇంకో చిక్కు. తమ్ముడి మెషీన్‌లో కాన్ఫిగ్ జేసన్ నెలల తరబడి బాగానే చదివింది. నిన్న వాడు నోట్‌ప్యాడ్‌లో తెరిచి శీర్షిక తెలుగులో మార్చాడు. 'మాట' అని పెడితే పిచ్చి అక్షరాలు వస్తున్నాయి, 'పుస్తకం' అని పెడితే ప్రోగ్రామే కూలుతోంది, 'చార్‌మ్యాప్ కోడెక్' ఏదో బైట్ డీకోడ్ చేయలేదని. రెండూ తెలుగే కదా?

#18 తూనీగ

ఇది చూడముచ్చటైన తప్పు, కాస్త వివరంగా చెప్పనివ్వండి. ఓపెన్‌కి ఎన్‌కోడింగ్ చెప్పకపోతే విండోస్‌లో సిస్టమ్ కోడ్ పేజీ (ఏ బైట్‌కి ఏ అక్షరమో చెప్పే పట్టిక) వాడుతుంది, చాలా మెషీన్లలో అది సీపీ1252. నోట్‌ప్యాడ్ సేవ్ చేసింది యూటీఎఫ్-8లో. అందులో తెలుగు అక్షరం ఒక్కోటి మూడు బైట్లు. 'మాట'లోని బైట్లన్నిటికీ సీపీ1252లో ఏదో ఒక గుర్తు ఉంది, కాబట్టి పిచ్చి అక్షరాలుగా చదివింది. 'పుస్తకం'లో కొమ్ము ఉంది, ఒత్తు ఉంది. కొమ్ము చివరి బైట్ హెక్సాలో 81, ఒత్తు పెట్టే పొల్లుది 8డీ. ఈ రెంటికీ సీపీ1252లో చోటే లేదు, అందుకే కూలింది. కొమ్మో ఒత్తో లేని తెలుగు వాక్యం ఎంతని దొరుకుతుంది!

మరి ముందు నెలలన్నీ ఎలా నడిచిందంటే, జేసన్ డంప్ మామూలుగా తెలుగుని బ్యాక్‌స్లాష్ యూ అంకెలుగా మార్చి ఉత్త ఆస్కీలో రాస్తుంది. మనిషి చెయ్యి పడేదాకా తప్పు దాగి ఉంది. చదివే ప్రతిచోటా, రాసే ప్రతిచోటా ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని ఇవ్వండి. 3.15 నుంచి అదే డిఫాల్ట్ కావాలని పెప్ 686 అనే పైథాన్ ప్రతిపాదనలో నిర్ణయించారు, కానీ పాత పైథాన్‌లు చాలాకాలం ఉంటాయి.

#19 పిల్లకాలువ

ఎన్‌కోడింగ్ పెట్టగానే రెండూ సరిపోయాయి. ఇక డేటాబేస్‌ని కొత్త చోటికి తరలించాలి. ఎంవీ కొడితే చాలా?

#20 నల్లరేగడి

మార్పుల్ని ముందు వేరే ఫైల్లో రాసుకునే వాల్ మోడ్‌లో ఉంటే పక్కన డ్యాష్ వాల్ అనే ఫైల్ కూడా ఉండొచ్చు. ఈమధ్య రాసినవి కొన్ని ఇంకా అందులోనే ఉంటాయి, డీబీ ఒక్కదాన్నే జరిపితే అవి పోతాయి. ఎస్‌క్యూలైట్ కనెక్షన్‌కి బ్యాకప్ అనే మెథడ్ ఉంది, 3.7 నుంచి. దాంతో కొత్త ఫోల్డర్‌లో తాత్కాలిక పేరుతో రాయించి, కనెక్షన్లు మూసి, వరుసలు లెక్కపెట్టి సరిపోతేనే ఓఎస్ రీప్లేస్‌తో అసలు పేరుకి మార్చండి. తాత్కాలిక ఫైల్ అదే ఫోల్డర్‌లో ఉండాలి, వేరే డిస్క్ మీద ఉంటే రీప్లేస్ కుదరదు. పాతదాన్ని తీసేయకండి, పేరు మార్చి కొన్నాళ్లు ఉంచండి.

#21 పిల్లకాలువ

చేశాను. పాత దాంట్లో 1,437, కొత్త దాంట్లో 1,437. పాత్స్ కమాండ్ కూడా పెట్టాను. ఈ పొద్దున క్రాన్ మళ్లీ తప్పింది, కానీ ఈసారి లాగ్‌లో 'అనేబుల్ టు ఓపెన్ డేటాబేస్ ఫైల్' అని, పక్కన పూర్తి పాత్ కూడా ఉంది. చూడగానే అర్థమైంది. ఎక్స్‌డీజీ డేటా హోమ్‌ని నేను ఎప్పుడో, టెర్మినల్ తెరిచినప్పుడు చదివే బ్యాష్‌ఆర్‌సీలో, వేరే డిస్క్‌కి మార్చుకున్నాను, క్రాన్ ఆ ఫైల్ చదవదు. క్రాన్ పనులు రాసే క్రాన్‌ట్యాబ్ ఫైల్ పైన ఆ వేరియబుల్ రాశాను. మొదటిసారి రెండు రోజులు పట్టిన తప్పు ఈసారి రెండు నిమిషాల్లో దొరికింది. ఇందాకే మెయిల్ వచ్చింది, ఐదు మాటలూ ఉన్నాయి.